పొలిమేర దాటిన పనివాడు

ఈ శతాబ్దికి ముందటి శతాబ్దములో, ప్రతి వసంతకాలమునను శాన్‌ఫ్రాన్సిస్కో రేవునుండి కొన్ని ఓడలు ఉత్తరదిశగా బయలుదేరుచుండెడివి. అవి అలాస్కా తీరమునకు పోవు ఓడలు. వేసవిలో ఆ తీరమున సాల్మన్ చేపలు సముద్రమునుండి నదులలోనికి ఎదురీదుచు వచ్చును. వచ్చిన చేపను వచ్చినట్లే పట్టి, శుభ్రము చేసి, డబ్బాలలో నింపి మూత వేయుటకు వేలకొలది చేతులు కావలెను. అలాస్కాలో అన్ని చేతులు లేవు. కనుక చేపల కంపెనీలు కాలిఫోర్నియాలో కూలీలను కుదుర్చుకొని, ఓడ నెక్కించి తీసికొనిపోయి, పని ముగిసిన పిమ్మట మరల అదే రేవులో దింపి, అక్కడనే కూలి లెక్క చూచి పంపుచుండెడివి.

1930 తరువాతి సంవత్సరములలో అట్లు పోయినవారిలో ఒక పరదేశి కార్మికుడు అలాస్కాలో పని చేయుచు గాయపడెను. ఓడతోపాటు అతడును తిరిగివచ్చి, నష్టపరిహారము కొరకు కాలిఫోర్నియా పారిశ్రామిక ప్రమాదముల కమిషను నాశ్రయించెను. కంపెనీ ఒప్పుకొనలేదు. గాయము తగిలినది అలాస్కాలో. అలాస్కాకు తనదైన నష్టపరిహార శాసనము కలదు. పైగా ఆ శాసనమునకే కట్టుబడుదునని పనివాడు ఒడంబడికలో సంతకము చేసియున్నాడు. కావున అక్కడికే పోయి అడుగుకొనవలెనని కంపెనీ వాదము.

రెక్కాడితేగాని డొక్కాడనివాడు, ఆ రెక్కకే దెబ్బ తగిలినప్పుడు, మరల ఓడ టిక్కెట్టు కొనుక్కొని అంతదూరము పోయి వ్యాజ్యము నడుపగలడా? గాయము మనిషి వెంట సరిహద్దు దాటి వచ్చినది. యజమాని బాధ్యత మాత్రము సరిహద్దు దగ్గరనే ఆగిపోవలెనా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న సుమారు డెబ్బది సంవత్సరములు న్యాయస్థానములను విడువలేదు. ఆ కథనే ఈ ప్రసంగములో చెప్పదలచితిమి. ఇది వట్టి వకీళ్ళ కథ కాదు. పొట్ట చేత పట్టుకొని పొరుగు రాష్ట్రమునకు పోయిన ప్రతివాని కథ. మన తెలుగునాటికిని దీనితో సంబంధము కలదు. దానిని చివర విన్నవించెదము.

మొదట నష్టపరిహార శాసనములే లేని కాలమును కొంచెము చూడవలెను. పందొమ్మిదవ శతాబ్దములో కర్మాగారమున చేయి పోగొట్టుకొనినవాడు యజమానిపై దావా వేయవచ్చును. కాని గెలుచుట దుర్లభము. ఏలయన యజమాని చేతిలో మూడు డాళ్ళుండెను. పనివాని అజాగ్రత్త కొంచెమైనను ఉన్నదని చూపినచో దావా పోవును. ప్రమాదమునకు కారకుడు తోటి పనివాడైనచో యజమానికి సంబంధము లేదు. పని అపాయకరమని తెలిసియే చేరినాడు కాబట్టి ఆ అపాయమును అతడే భరించవలెను. తోటి పనివాని సూత్రమును ఇంగ్లండు న్యాయస్థానము 1837లో నాటినది; 1842లో మసాచుసెట్స్ న్యాయస్థానము, రైలు ప్రమాదములో గాయపడిన ఒక ఇంజను డ్రైవరు వ్యాజ్యములో, దానిని అమెరికాలో పాదుకొల్పినది.

ఈ పద్ధతిని మొట్టమొదట విడిచిన పెద్ద దేశము జర్మనీ. అక్కడ బిస్మార్కు ప్రభుత్వము 1884లో ప్రమాద భీమా శాసనమును చేసెను. 1897లో ఇంగ్లండు తన శాసనమును చేసెను. తప్పు ఎవరిదని విచారింపక, పనిలో తగిలిన గాయమునకు ఇంత యని నిర్ణయించి ఇచ్చుట ఈ శాసనముల సారాంశము. ఇది ఒక రాజీ. పనివానికి వ్యాజ్యము లేకుండ పరిహారము నిశ్చయముగా దొరకును. అందుకు బదులుగా అతడు పెద్ద మొత్తమునకు దావా వేయు హక్కును వదలుకొనును. యజమాని తప్పు లేకున్నను చెల్లించవలెను; అందుకు బదులుగా ఊహింపరాని పెద్ద తీర్పుల భయము అతనికి తప్పును.

అమెరికాలో ఈ రాజీ కుదురుట సులభము కాలేదు. న్యూయార్కు రాష్ట్రము 1910లో చేసిన శాసనమును ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1911 మార్చి 24వ తేదీన కొట్టివేసినది. తప్పు లేని యజమానిచేత సొమ్ము కట్టించుట అతని ఆస్తిని అన్యాయముగా లాగికొనుటయే యని ఆ తీర్పు. ఆ మరునాడే, మార్చి 25న, న్యూయార్కు నగరములో ట్రయాంగిల్ అను దుస్తుల కర్మాగారము తగులబడి 146 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు వలస వచ్చిన కుటుంబముల పడుచులు. బయటికి పోవలసిన ఒక తలుపు తాళము వేసియుండెనని విచారణలో చెప్పబడినది. మూడు సంవత్సరముల తరువాత కొన్ని కుటుంబముల దావాలు పరిష్కారమైనప్పుడు ఒక్కొక్క ప్రాణమునకు దక్కినది 75 డాలర్లు. నష్టపరిహార శాసనము ఎందులకని అడుగువారికి ఇంతకన్న వేరే సమాధానము అక్కరలేదు.

ఆ సంవత్సరమే విస్కాన్సిన్ మొదలగు రాష్ట్రములు శాసనములు చేసినవి. న్యూయార్కు 1913లో తన రాజ్యాంగమునే సవరించుకొని క్రొత్త శాసనము తెచ్చుకొన్నది. 1917 మార్చిలో వాషింగ్టన్ నగరమునందలి సుప్రీంకోర్టు, న్యూయార్కు, అయోవా, వాషింగ్టన్ రాష్ట్రముల శాసనములు మూడును చెల్లునని ఒకే దినమున తీర్పు చెప్పినది. ఆ తరువాత రాష్ట్రములు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరినవి. చిట్టచివరిది మిసిసిపీ, అది 1948లో చేరినది.

శాసనము హక్కును ఇచ్చినంతమాత్రమున పనివాని ఇంటికి సొమ్ము చేరదు. యజమాని దివాలా తీసినచో హక్కు కాగితముననే యుండిపోవును. కనుక ఈ శాసనముల రెండవ సగము భీమా. యజమాని ఏదో యొక భీమా కంపెనీలో పాలసీ తీసికొనవలెను. లేదా రాష్ట్రప్రభుత్వపు నిధికి ప్రీమియము కట్టవలెను. లేదా తానే చెల్లించగల ధనవంతుడనని రుజువు చూపి అనుమతి పొందవలెను. ప్రీమియము కూలి బట్వాడా మీద, ప్రతి వంద డాలర్లకు ఇంత యని, పని అపాయమునుబట్టి కట్టబడును. గుమాస్తాకు తక్కువ, పైకప్పులు వేయువానికి చాల ఎక్కువ. పని సురక్షితముగా జరిపించుకొన్న యజమానికి కాలక్రమమున ప్రీమియము తగ్గును. ప్రమాదమును నివారించుటలో యజమానికే లాభము కలుగునట్లు చేసిన ఏర్పాటిది.

ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఈ శాసనములు దేశమంతటికి ఒకటి కావు. ఆ కాలమున కేంద్రప్రభుత్వపు అధికారము పరిమితమైనది. రాష్ట్రముల మధ్య నడచు రైళ్ళ పనివారికి 1908లోను, ఓడరేవుల పనివారికి 1927లోను కేంద్రము వేరు శాసనములు చేసెను. తక్కిన గనులు, మిల్లులు, కట్టడములు, దుకాణములు అన్నియు రాష్ట్రముల పాలికి వచ్చినవి. ఒక రాష్ట్రమున చేతివ్రేలికి ఇచ్చు పరిహారము పొరుగు రాష్ట్రమున వేరు. ఒకచోట భీమా కంపెనీలు వ్యాపారము చేయవచ్చును. మరొకచోట రాష్ట్రనిధి తప్ప మరేదియు చెల్లదు. కాని పని మాత్రము రాష్ట్రపు ఎల్లలను చూచి ఆగదు. వంతెనకు ఒక కొన ఒక రాష్ట్రములోను, మరియొక కొన మరియొక రాష్ట్రములోను ఉండవచ్చును. లారీ నడుపువాడు ఉదయము ఒక రాష్ట్రమున బయలుదేరి సాయంత్రమునకు మూడవ రాష్ట్రములో నుండును.

మొదటి సంవత్సరములలో న్యాయాధిపతులు పాత అలవాటు చొప్పున, ప్రమాదము ఎక్కడ జరిగెనో అక్కడి చట్టమే వర్తించునని తలచిరి. 1913లో మసాచుసెట్స్ న్యాయస్థానము, తమ శాసనము రాష్ట్రపు ఎల్ల దాటి పనిచేయదని చెప్పినది. అనగా మసాచుసెట్సు యజమాని, మసాచుసెట్సు పనివాని పొరుగు రాష్ట్రమునకు పంపినను, అక్కడ గాయపడినవానికి ఇంటి శాసనము అక్కరకు రాదు. అయితే 1915లో కనెక్టికట్, 1916లో న్యూయార్కు వేరొక మార్గమును తొక్కినవి. ఈ పరిహారము నేరమునకు శిక్ష వంటిది కాదు. యజమానికిని పనివానికిని గల ఒడంబడికలోని యొక అంశము వంటిది. ఒడంబడిక మనిషి వెంట పోవును. కావున న్యూయార్కులో కుదిరిన పనివాడు నదికి ఆవల న్యూజెర్సీలో గాయపడినను న్యూయార్కు శాసనమే అతనిని కాపాడునని ఆ న్యాయస్థానము నిర్ణయించినది.

1920లో కాలిఫోర్నియా న్యాయస్థానము ఇంకొక అడుగు ముందునకు వేసినది. ఆ రాష్ట్రపు శాసనములో, కాలిఫోర్నియాలో కుదిరి వెలుపల గాయపడినవాడు ఆ రాష్ట్ర నివాసియైనచో పరిహారము పొందవచ్చునని యుండెను. అలాస్కా చేపల పనికి పోయినవాడొకడు నివాసి కాడు. ఒక రాష్ట్రము తన నివాసులకిచ్చిన రక్షణను పొరుగువారికి నిరాకరించరాదన్న రాజ్యాంగ సూత్రము ననుసరించి, నివాసి కానివానికిని ఆ హక్కు కలదని న్యాయస్థానము చెప్పినది. మేము మొదట చెప్పిన చేపల ఓడలకు ఇట్లు ఒక పూర్వకథ కలదు.

ఇక సుప్రీంకోర్టు వంతు వచ్చెను. 1932లో వచ్చిన వ్యాజ్యము ఒక విద్యుత్తు కంపెనీది. కంపెనీయు పనివాడును వెర్మాంటు రాష్ట్రమువారు. పొరుగున న్యూహాంప్‌షైర్‌లోని ఉపకేంద్రములో కాలిపోయిన ఫ్యూజులను మార్చుటకు కంపెనీ అతనిని పంపెను. అక్కడ విద్యుద్ఘాతమున అతడు మరణించెను. వెర్మాంటు శాసనము ప్రకారము నష్టపరిహారమే తప్ప వేరు దావా లేదు. న్యూహాంప్‌షైర్‌లో దావా వేయవచ్చును. జస్టిస్ బ్రాండైస్ వ్రాసిన తీర్పులో, వెర్మాంటు శాసనమును న్యూహాంప్‌షైర్ మన్నించవలెనని చెప్పబడినది. యజమాని ఒక శాసనమును నమ్మి భీమా కట్టినాడు. పని నిమిత్తము ఒక పూట ఎల్ల దాటినంతలో ఆ ఏర్పాటు తలక్రిందులు కారాదని దాని భావము. ఈ తర్కము నిలిచినచో, ఏ వ్యాజ్యమునకైనను ఒక్క రాష్ట్రపు శాసనమే సరియైనదని తేలవలసివచ్చును.

మూడేండ్లకు, 1935లో, అలాస్కా చేపల పనివాని వ్యాజ్యము తీర్పునకు వచ్చినది. అలాస్కా అప్పటికి రాష్ట్రము కాదు. అమెరికా పాలనలోని ప్రాంతము మాత్రమే. రాష్ట్రమైనది 1959లో. తీర్పు వ్రాసినది జస్టిస్ స్టోన్. రెండు శాసనములు ఒకే మనిషిపై అధికారము చెప్పుకొనినప్పుడు, ఏ ప్రభుత్వమునకు ఎంత ప్రయోజనము ముడివడియున్నదో తూచి చూడవలెనని ఆయన చెప్పెను. కాలిఫోర్నియాలో దిగిన పనివాడు మరల అలాస్కాకు పోయి హక్కు సాధించుకొనుట దాదాపు జరుగని పని. పరిహారము దొరకనిచో అతడు కాలిఫోర్నియాకే భారమగును. కావున కాలిఫోర్నియా శాసనమే చెల్లును; ఆ శాసనమునుండి తప్పించుకొనుటకు వ్రాయించుకొనిన షరతు చెల్లదు. పని కావలసినవాని చేత ఎట్టి కాగితముపైనైనను సంతకము చేయించవచ్చును. అట్టి సంతకమునకు శాసనమును మించిన బలము లేదని ఈ తీర్పు స్పష్టము చేసినది.

1939లో దీనికి ఎదురు దిశనుండి వచ్చిన వ్యాజ్యమొకటి కలదు. మసాచుసెట్స్ కంపెనీలో పనిచేయు ఒక రసాయన శాస్త్రజ్ఞుడు కొంతకాలమునకై కాలిఫోర్నియాలోని శాఖకు పంపబడి, అక్కడ గాయపడెను. ఇతడు కుదిరినది, నివసించునది మసాచుసెట్స్. 1932 నాటి తర్కము ప్రకారము ఇంటి శాసనమే వర్తించవలెను. కాని సుప్రీంకోర్టు కాలిఫోర్నియా పరిహారమునే నిలబెట్టినది. గాయపడినవానికి చికిత్స చేసిన వైద్యులు, ఆసుపత్రి అక్కడివి. వారి బిల్లులు తీర్చు బాధ్యతను ఆ రాష్ట్రము పట్టించుకొనకుండుట ఎట్లు? 1935 తీర్పు కుదిరిన రాష్ట్రపు శాసనమును నిలిపినది. 1939 తీర్పు గాయపడిన రాష్ట్రపు శాసనమును నిలిపినది. ఈ రెంటిని కలిపి చదివినచో యజమానికి బోధపడవలసినది ఒకటి కలదు. ఒకే పనివాని విషయమున రెండు రాష్ట్రముల శాసనములును తలుపు తట్టవచ్చును.

అయినచో పనివాడు రెండు చోట్లను అడుగవచ్చునా? 1943లో సుప్రీంకోర్టు అడుగరాదన్నది. లూయిసియానా నివాసి యొకడు నూనెబావుల పనికై టెక్సాసునకు పోయి గాయపడి, టెక్సాసు పరిహారమును పుచ్చుకొనెను. లూయిసియానాలో పరిహారము ఎక్కువ. అందిన సొమ్మును మినహాయించి తక్కినది ఇప్పించుమని అతడు ఇంటికి వచ్చి కోరగా, అక్కడి న్యాయస్థానము ఇప్పించెను. సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, టెక్సాసు నిర్ణయముతో వ్యవహారము ముగిసినదని ఆ తీర్పును త్రోసివేసినది. ఆసుపత్రి మంచముపై నుండి తొందరలో ఒక రాష్ట్రపు కాగితమును నింపినవాడు, తెలియకయే రెండవ రాష్ట్రపు హక్కును పోగొట్టుకొన్నట్లయినది. గోరుచుట్టుపై రోకటిపోటు అని మనవారందురే, అట్టిదిది.

ఈ తీర్పు తొలినుండియు విమర్శలకు గురియైనది. 1947లో, ఇల్లినాయిస్ నివాసియై విస్కాన్సిన్‌లో పనిచేయుచు గాయపడిన ఒక తాపీపనివాని వ్యాజ్యములో, మొదటి రాష్ట్రపు శాసనము స్పష్టముగా నిషేధించిననే తప్ప రెండవ రాష్ట్రమున అడుగవచ్చునని సుప్రీంకోర్టు దానిని సడలించినది. 1955లో, మిజోరీ ఉపగుత్తేదారుని పనివాడు ఆర్కన్సాసులో గాయపడగా, మిజోరీ పరిహారము పుచ్చుకొన్న తరువాతను ఆర్కన్సాసులో ప్రధాన గుత్తేదారుపై దావా నడుపవచ్చునన్నది. తుదకు 1980లో, కొలంబియా జిల్లాలో కుదిరి వర్జీనియాలో నడుము దెబ్బతిన్న ఒక గ్యాసు కంపెనీ పనివాడు, వర్జీనియా పరిహారము పొందిన పిమ్మట తన జిల్లాలో అదనపు పరిహారము కోరగా, సుప్రీంకోర్టు అనుమతించినది. న్యాయాధిపతులు ఒకే కారణము చెప్పలేదు. నలుగురు 1943 నాటి తీర్పును త్రోసిపుచ్చవలెనన్నారు. ముగ్గురు 1947 నాటి తీర్పు చాలునన్నారు. ఫలితము మాత్రము ఒకటే. మొదట అందినది మినహాయించుకొని మిగిలినది పొందవచ్చును. ఒకే గాయమునకు రెండింతలు మాత్రము రాదు.

ఈ మధ్యకాలమున మరియొక ముఖ్య సంఘటన జరిగినది. 1970 నాటి వృత్తిరక్షణ శాసనము క్రింద నియమింపబడిన జాతీయ కమిషను, రాష్ట్రముల నష్టపరిహార శాసనముల నన్నిటిని పరిశీలించి 1972 జూలైలో నివేదిక సమర్పించినది. అందు 84 సిఫారసులు. వానిలో 19 అత్యవసరములని గుర్తింపబడినవి. ఆ 19లో ఒకటి మన ప్రశ్నకు సూటియైన జవాబు. గాయపడినవాడు, లేదా మరణించినచో అతని కుటుంబము, మూడు రాష్ట్రములలో దేనినైనను ఎన్నుకొనవచ్చునని కమిషను చెప్పెను: గాయము జరిగిన రాష్ట్రము, పనికి కుదిరిన రాష్ట్రము, ఉద్యోగము ముఖ్యముగా నడచు రాష్ట్రము. సిఫారసు శాసనము కాదు. రాష్ట్రములు దానిని వేరువేరు మోతాదులలో స్వీకరించినవి. అయినను ఆలోచన ఎటు నడచినదో దీనివలన తెలియుచున్నది. 1913లో న్యాయస్థానము ప్రమాదము ఎక్కడ జరిగినదని మాత్రమే చూచినది. అరువదియేండ్లకు, పనివానిని పంపినవాడెవడు, పంపబడినవానికి ఏ తలుపు దగ్గర అని చూచు స్థితి వచ్చినది.

ఇందువలన యజమానికి ఏర్పడిన బాధ్యతలను ఇప్పుడు చూతము. అమెరికాలోని సాధారణ భీమాపత్రములో రెండు పట్టికలుండును. యజమాని పని ఏయే రాష్ట్రములలో నడచుచున్నదో మొదటి పట్టికలో పేరుపేరున వ్రాయవలెను. పాలసీ మొదలైన పిమ్మట ఏయే రాష్ట్రములలో క్రొత్తగా పని మొదలుపెట్టవచ్చునో ఆ రాష్ట్రములు రెండవ పట్టికలో నుండును. పాలసీ మొదలగునాటికే ఒక రాష్ట్రమున పని నడచుచుండగా దానిని మొదటి పట్టికలో చేర్చనిచో, ముప్పది దినములలోపల కంపెనీకి తెలుపనియెడల ఆ రాష్ట్రమున రక్షణ లేదు. తన ఊరి పాలసీ దేశమంతట పనికివచ్చునని నమ్మిన చిన్న గుత్తేదారులకు ఈ ఒక్క మాట ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒహాయో, వాషింగ్టన్, వయోమింగ్, ఉత్తర డకోటా అను నాలుగు రాష్ట్రములలో ప్రైవేటు భీమా కంపెనీల పాలసీలు ఈ పనికి చెల్లవు; రాష్ట్రనిధిలోనే చేరవలెను. ఒహాయో, వాషింగ్టన్‌లలో పెద్ద యజమానులకు, తామే చెల్లించుకొను షరతుపై అనుమతి కలదు. పైన చెప్పిన రెండవ పట్టిక ఈ నాలుగింటికి వర్తించదు. టెక్సాసులో ప్రైవేటు యజమాని ఈ భీమాలో చేరకుండ ఉండవచ్చును. కాని చేరనివాడు మేము మొదట చెప్పిన మూడు డాళ్ళను పోగొట్టుకొని న్యాయస్థానములో నిలువవలెను. కొలదికాలమునకు పనివారిని పంపినచో కొన్ని రాష్ట్రములు ఇంటి పాలసీనే మన్నించును, కొన్ని మన్నించవు, మన్నించునవి యైనను దినముల గడువు, పని స్వభావము చూచును. ఉపగుత్తేదారునకు భీమా లేనిచో అతని పనివాని భారము ప్రధాన గుత్తేదారుపై పడునని పెక్కు రాష్ట్రముల శాసనములు చెప్పుచున్నవి. కావుననే అక్కడ పని అప్పగించుటకు ముందు భీమా సర్టిఫికెట్టు చూపుమని అడుగుదురు. ఆ సర్టిఫికెట్టు ఉన్నదా అనుటయేకాక, పని జరుగు రాష్ట్రము అందు కలదా అని కూడ చూడవలెను.

ఈ బాధ్యతలన్నియు యజమానికి కష్టముగా తోచుట సహజము. యాబది పొలిమేరలున్న దేశములో చిన్న వ్యాపారి నిజముగా అడకత్తెరలో పోకచెక్కయే. ఆ మాటను మేము కాదనము. కాని తరాజులో రెండవ తట్టయు కలదు. పని ఏ రాష్ట్రమున దొరకినదో, దానివలన లాభమెంతయో యజమానికి ముందుగా తెలియును. పాలసీలో ఒక పేరు చేర్చుటకు అతనికి ఒక ఉత్తరము చాలును. గాయపడినవానికి ముందుగా తెలిసినది లేదు. తరువాత చేయగలిగినది స్వల్పము. సరిహద్దు వలన కలుగు చిక్కును ఎవరు తక్కువ ఖర్చుతో మోయగలరని అడిగినచో, డెబ్బదియేండ్ల తీర్పులు మెల్లమెల్లగా చూపినది యజమానినే.

ఇక మన మాట. అమెరికాలో ఉద్యోగములు చేయుచున్న తెలుగువారిలో కంప్యూటరు పనివారు అనేకులు. వారిలో ఒక రాష్ట్రపు కంపెనీలో కుదిరి, మరియొక రాష్ట్రములోని ఖాతాదారు కార్యాలయములో పనిచేయువారు కలరు. ఇంటినుండియే పనిచేయువారి ఇల్లు మూడవ రాష్ట్రములో నుండవచ్చును. మా పిల్లవాడు పనిచేయునది కుర్చీలో కూర్చుండియే కదా యని తలిదండ్రులు అనుకొనవచ్చును. ఆఫీసు మెట్లపై జారిపడినను, పని మీద పోవుచు కారు ప్రమాదమున చిక్కుకొన్నను ప్రశ్న ఇదియే. తన యజమాని పాలసీలో తాను పనిచేయు రాష్ట్రము కలదా యని అడిగి తెలిసికొనుట ఉద్యోగి హక్కు.

మన దేశమున కథ వేరు విధముగా నడచినది. 1923లో కేంద్ర శాసనసభ చేసిన కార్మిక నష్టపరిహార శాసనము దేశమంతటికి ఒకటే. 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. గుత్తేదారుని పనివాడు గాయపడినను అసలు యజమాని చెల్లించవలెనని దాని 12వ సెక్షను. కావున ఏ రాష్ట్రపు శాసనము అన్న తగవు మనకు లేదు. కాని ఆ శాసనము భీమాను నిర్బంధము చేయలేదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య భీమా శాసనము, 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమై, క్రమముగా కర్మాగారముల పనివారికి ఆ కొరతను తీర్చినది. ఊరూర తిరుగు మట్టిపనివానికి అది అందలేదు.

పాలమూరు కూలీల సంగతి తెలియని తెలుగువారు లేరు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ తవ్వుచున్న అక్కడకు మేస్త్రీ వెంట కుటుంబములతో పోయి పనిచేసినవారు వారు. దూరరాష్ట్రమున మట్టిపెళ్ళ విరిగిపడి మనిషి పోయినచో, శాసనము ఒకటే యైనను, అర్జీ పెట్టుకొనవలసినది ప్రమాదము జరిగిన ప్రాంతపు కమిషనరు వద్దనే. భాష తెలియదు, దారి తెలియదు, కూలి పోవును. అలాస్కా చేపల పనివాని కష్టమునకును దీనికిని భేదమేమున్నది?

ఈ లోపమును మన శాసనకర్తలు రెండు మెట్లుగా సవరించిరి. 1979లో చేసిన అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల శాసనము, పనివానికి ప్రాణాపాయముగాని తీవ్రమైన గాయముగాని కలిగినచో గుత్తేదారు ఉభయ రాష్ట్రముల అధికారులకును, పనివాని దగ్గరి బంధువులకును తెలియజేయవలెనని విధించినది. ప్రమాదవార్త ఇంటికి చేరనిదే హక్కు ఎట్లు చేరును? 1995లో నష్టపరిహార శాసనమును సవరించి, అర్జీని మూడు చోట్లలో ఎక్కడనైనను పెట్టుకొనవచ్చునని చేసిరి: ప్రమాదము జరిగిన చోట, అర్జీదారు నివసించు చోట, యజమాని రిజిస్టర్డు కార్యాలయమున్న చోట. 1972లో అమెరికా కమిషను చూపిన మూడు తలుపులకును, వీనికిని గల పోలికను పాఠకులు గమనింపగలరు. 2020లో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త సంహితలు ఈ రెండు శాసనముల విషయమును తమలో కలుపుకొన్నవి.

శాసనము తలుపు తెరచును. ఆ తలుపు ఉన్నదని ఇంటివారికి తెలిసియుండవలెను. దూరప్రాంతమునకు పనికి పోవువారు మన ఇండ్లలోను, మన వీధులలోను ఉన్నారు. పోవునాడు చద్దిమూటతోపాటు ఒక చిన్న కాగితమును కూడ దాచుకొనవలెనని మా మనవి. కుదిర్చిన మేస్త్రీ పేరు, అసలు యజమాని పేరు, పని జరుగు ఊరు, కూలి ఎంతయో వ్రాసిన కాగితము అది. ఒక ప్రతి పోవువాని వద్ద నుండవలెను. రెండవది ఇంటి పెట్టెలో నుండవలెను. అక్కర పడకపోవుటయే అందరమును కోరుకొనవలసినది. అక్కర పడిననాడు మాత్రము ఏ పొలిమేర అడ్డు వచ్చినను, ఎవరిని అడుగవలెనో ఆ కాగితమే చెప్పును.